బడిపిల్లల పొగాకు సర్వేలో సున్నా వచ్చింది. నమ్మాలా?

పెన్సిల్‌ముక్క | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా ఆరోగ్య క్లబ్బు తరఫున ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో పొగాకు వాడకం ఎంత ఉందో తెలుసుకుందామని చిన్న సర్వే చేశాం. ప్రశ్నలు నేనే రాశాను. క్లాస్ టీచర్లు కాగితాలు పంచి, రాయించి, తిరిగి తీసుకున్నారు. వాడుతున్నానని ఒక్కరంటే ఒక్కరు కూడా రాయలేదు.

హెడ్మాస్టరు గారు మహా సంతోషంగా ఉన్నారు. నోటీసు బోర్డులో "పొగాకు లేని బడి" అని పెట్టేద్దామంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. లంచ్ బెల్ తర్వాత కొందరు దగ్గరికొస్తే వాసన తెలిసిపోతుంది. ప్రహరీ వెనక ఖాళీ ప్యాకెట్లు దొరుకుతూనే ఉంటాయి. పిల్లలు అబద్ధం చెప్పారా, అడగడంలో నేనే తప్పు చేశానా? మళ్లీ చేయాలంటే ఎలా చేయాలి?

గణాంకి | సోమవారం, రాత్రి 9:40

ముందు మూడు సంగతులు చెప్పండి. కాగితం మీద పేరో రోల్ నంబరో రాయించారా? పిల్లలు రాస్తున్నంతసేపూ టీచర్లు ఎక్కడున్నారు? మీరడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు ఏమిటి? సున్నా ఈ మూడింట్లో ఎక్కడో పుట్టి ఉంటుంది.

పెన్సిల్‌ముక్క | సోమవారం, రాత్రి 9:58

పేరు లేదు. రోల్ నంబరు ఉంది, కాగితాల లెక్క తప్పకూడదని. టీచర్లు వరసల మధ్య తిరుగుతూ ఉన్నారు, పరీక్షలప్పుడు తిరిగినట్టే. ప్రశ్న ఇదీ: "మీరు సిగరెట్, గుట్కా వంటి దురలవాట్లకు బానిసలయ్యారా? అవును / కాదు."

ఇక్కడ టైపు చేస్తుంటేనే సిగ్గేస్తోంది.

వెనకబెంచి | సోమవారం, రాత్రి 10:21

టీచర్ గారూ, ఏమీ అనుకోకండి, నవ్వాపుకోలేకపోయాను. తొమ్మిదో తరగతిలో మాకూ అచ్చం ఇలాంటి కాగితమే ఇచ్చారు. అప్పటికే నేను రోజుకు రెండు కాలుస్తున్నాను. "కాదు" అని రాశాను. పక్కవాడు నా కాగితంలోకే చూస్తున్నాడు, వాడి భుజం మీదుగా సార్ చూస్తున్నారు. ఇంకేం రాస్తాను?

అసలు అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించలేదండీ. బానిస అంటే రాత్రంతా దగ్గే ముసలాయన అనుకునేవాణ్ణి. నేను సరదాకి కాలుస్తున్నాను, అంతే కదా.

దీనికి రివర్స్ కేసు కూడా ఒకటుంది. మా క్లాసులో జన్మలో ముట్టనివాడొకడు హీరో అనిపించుకోవాలని అన్నిటికీ "అవును" కొట్టి, ఆ కాగితం అందరికీ చూపించాడు.

గణాంకి | మంగళవారం, ఉదయం 6:50

వెనకబెంచి గారూ, ఈ సర్వేల్లో జరిగే తప్పులు రెండు రకాలు. రెండూ మీ ఒక్క పోస్టులోనే ఉన్నాయి. దాచేవాళ్లు, గొప్పలకు పోయేవాళ్లు. బడి వయసులో మొదటి రకమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఈ పని దేశదేశాల్లో ఒకే పద్ధతిలో చేసేది గ్లోబల్ యూత్ టొబాకో సర్వే, పొట్టిగా జీవైటీఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి 1999లో మొదలుపెట్టాయి. ప్రధానంగా 13-15 ఏళ్లవాళ్ల మీద. పేరు ఉండదు, నంబరు ఉండదు, ఎవరి కాగితం వాళ్లే నింపుతారు. రాయించడానికి శిక్షణ పొందినవాళ్లు బయటి నుంచి వస్తారు.

అందులో నాకు బాగా నచ్చేది ఒక చిన్న ఏర్పాటు. మామూలు సర్వేల్లో "లేదు అయితే 12వ ప్రశ్నకు వెళ్లండి" అని ఉంటుంది కదా, అది ఇందులో ఉండదు. ఎప్పుడూ ముట్టనివాడికి కూడా సిగరెట్ ప్రశ్నలన్నిటి కిందా "నేను ఎప్పుడూ కాల్చలేదు" అని ఒక జవాబు ఉంటుంది. ఎందుకో ఊహించండి. ముట్టనివాళ్లు నాలుగు నిమిషాల్లో ముగించి పెన్ను పక్కన పెట్టేస్తే, ఇంకా తలవంచుకుని రాస్తున్నవాళ్లెవరో గదిలో అందరికీ తెలిసిపోతుంది. పేరు రాయకపోయినా దొరికిపోయినట్టే. అందుకే అందరికీ అన్ని ప్రశ్నలూ ఉంటాయి, అందరూ దాదాపు ఒకే సమయానికి పూర్తి చేస్తారు.

మీ రోల్ నంబరు సంగతి. పంచినవెన్ని, తిరిగొచ్చినవెన్ని అని లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. పిల్లవాడి దృష్టిలో రోల్ నంబరుకీ పేరుకీ తేడా లేదు.

తెల్లకోటు | మంగళవారం, ఉదయం 8:15

డాక్టర్ని. ప్రశ్న గురించి నాలుగు మాటలు.

"దురలవాటు", "బానిస" అన్నాక అది ప్రశ్నగా మిగలదు, తిట్టవుతుంది. ఎవరూ తమని తాము తిట్టుకుంటూ టిక్కు పెట్టరు. జరిగిన పని అడగండి, దానికి పేరు మీరు పెట్టకండి. "ఎప్పుడైనా, ఒకటి రెండు దమ్ములైనా సరే, సిగరెట్ కాల్చి చూశారా?" అనేది మొదటిది. "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు కాల్చారు?" అనేది రెండోది. దీనికి 0, 1-2, 3-5, 6-9, 10-19, 20-29, మొత్తం 30 అని జవాబులు ఇస్తారు. 30 రోజుల్లో ఒక్కరోజు కాల్చినా "ప్రస్తుతం వాడుతున్నవారు" కిందే లెక్క. పెద్దవాళ్లకి ఈ కొలత మరీ పట్టుగా అనిపించొచ్చు. పిల్లల్లో మాత్రం రోజూ తాగేవాళ్లు తక్కువ, అప్పుడప్పుడూ తాగేవాళ్లే ఎక్కువ. "రోజుకు ఎన్ని?" అని అడిగితే వాళ్లంతా జారిపోతారు.

"అవును / కాదు" కంటే ఈ పట్టికలో ఇంకో మేలు కూడా ఉంది. 1-2 అనే గడి ఉంటే ఒప్పుకోవడం తేలిక. "అవును" అనే ఒక్క గడిలోకి దూకడానికి ధైర్యం కావాలి.

సిగరెట్, బీడీ, నమిలేవి, ముక్కుపొడి, హుక్కా, ఈ-సిగరెట్ దేనికదే విడిగా అడగాలి. గుట్కా నమిలే పిల్లవాడు "పొగాకు వాడతావా" అంటే లేదంటాడు. వాడి లెక్కలో పొగాకు అంటే పొగ వచ్చేది. అలాగే "ఈ-సిగరెట్" అంటే తల అడ్డంగా ఊపినవాడు "వేప్" అంటే అవునంటాడు. పిల్లలు ఏ మాట వాడితే ఆ మాట కాగితం మీద ఉండాలి.

ఇద్దరుపిల్లల_అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నాకో భయం. ఇన్ని రకాల పేర్లు వరసగా రాసిస్తే, తెలియని పిల్లలకు మనమే నేర్పినట్టు అవదా? మా చిన్నాడు ఎనిమిదో తరగతి. హుక్కా అంటే ఏంటో వాడికి తెలియదు. సర్వే రాసి ఇంటికొచ్చి "అమ్మా, వేప్ అంటే ఏంటి?" అంటే నేనేం చెప్పాలి?

తెల్లకోటు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

అమ్మా, వాడు మిమ్మల్ని అడిగితే సంతోషించండి, స్నేహితుణ్ణి అడగనందుకు. మీ భయాన్ని కొట్టిపారేయను. అందుకే ప్రశ్నలో వస్తువు పేరు మాత్రమే ఉండాలి. రుచులు, రంగులు, ఎక్కడ దొరుకుతుంది, ఎలా దాచుకోవచ్చు లాంటి వివరాలు ఉండకూడదు. బొమ్మలు అసలే వద్దు.

అడగకపోతే వచ్చే నష్టం కూడా చూడండి. అమెరికాలో నేషనల్ యూత్ టొబాకో సర్వే ప్రకారం హైస్కూల్ పిల్లల్లో ఈ-సిగరెట్ వాడేవాళ్లు 2017లో 11.7 శాతం, 2018లో 20.8, 2019లో 27.5. రెండేళ్లలో రెట్టింపు దాటింది. ఏటా అడిగే సర్వే ఉండబట్టే ఆ ఎగబాకుడు వెంటనే బయటపడింది. ఇంట్లో అమ్మానాన్నలకు తెలిసేసరికి ఇంకెన్నేళ్లు పట్టేదో.

అడ్డరోడ్డు | మంగళవారం, సాయంత్రం 5:44

ఇంత గొడవెందుకండీ. ఉమ్మి పరీక్ష చేయిస్తే పోలా? నిజం దానంతటదే బయటపడుతుంది.

తెల్లకోటు | మంగళవారం, సాయంత్రం 6:30

పోదు. ఉమ్మిలో చూసేది కోటినిన్, నికోటిన్ ఒంట్లో విరిగితే వచ్చేది. దాని అర్ధాయువు, అంటే ఒంట్లో సగానికి తగ్గడానికి పట్టే సమయం, దాదాపు 16 నుంచి 20 గంటలు. ఆదివారం ఒక సిగరెట్ కాల్చిన పిల్లవాణ్ణి గురువారం పరీక్షిస్తే ఏమీ కనబడకపోవచ్చు. పైన చెప్పినట్టు పిల్లల్లో ఇలాంటివాళ్లే ఎక్కువ. ఇంట్లో తండ్రి పొగ పీల్చే పిల్లల్లో మాత్రం ఎంతో కొంత కనబడుతుంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ చూసే పరికరాలున్నాయి, వాటికి నమిలే పొగాకు అసలు దొరకదు.

"ఉమ్మి తీసుకుంటాం" అని చెప్పి, నిజానికి పరీక్షించకుండా, ఆ భయంతో నిజం రాయించే పద్ధతిని 1970లలోనే వాడి చూశారు. అప్పుడు ఒప్పుకునేవాళ్లు పెరిగిన మాట నిజమే. కానీ టీచర్ పిల్లల్ని మోసం చేసి నిజం రాబట్టడమేంటండీ? నేనైతే ఒప్పుకోను.

లెక్కలపిచ్చి | మంగళవారం, రాత్రి 8:12

నా దగ్గర మోసం లేని ఉపాయం ఉంది. స్టాన్లీ వార్నర్ అనే ఆయన 1965లో చెప్పిన ఆలోచనకు ఇదొక రూపం. ప్రతి పిల్లవాడూ చాటుగా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే కళ్లు మూసుకుని "అవును" అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. ఇక "అవును" అని రాసినవాణ్ణి ఎవరూ వేలెత్తి చూపలేరు, నాణెమే రాయించి ఉండొచ్చు.

300 మంది ఉన్నారనుకోండి. 165 "అవును"లు వచ్చాయి. అందులో దాదాపు 150 నాణెం పుణ్యం. మిగిలిన 15, నిజం రాసిన 150 మందిలోంచి వచ్చినవి. అంటే 10 శాతం. ఎవరు అన్నది ఎప్పటికీ తెలియదు, ఎంతమంది అన్నది మాత్రం తెలుస్తుంది. అందంగా లేదూ?

గణాంకి | మంగళవారం, రాత్రి 9:03

చాలా అందంగా ఉంది, అందుకే క్లాసులో లెక్కల పాఠంగా చెప్పండి. సర్వేకి మాత్రం వద్దు. మీ ఉదాహరణనే తీసుకుని పొరపాటు ఎంతో లెక్కేయండి. 300 మందిలో 55 శాతం "అవును" అంటే ప్రామాణిక దోషం, అంటే అంచనా మామూలుగా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలత, 2.9 శాతం దాకా వస్తుంది. నాణెం వల్ల సగం మందే నిజం రాస్తారు కాబట్టి అది రెట్టింపై 5.7 అవుతుంది. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే మీ 10 కాస్తా 10 ప్లస్ ఆర్ మైనస్ 11. అంటే సున్నా నుంచి 21 దాకా ఎంతైనా కావచ్చు. టీచర్ గారి దగ్గర సున్నా ఎలాగూ ఉంది.

పైగా జన్మలో ముట్టని పదమూడేళ్ల పిల్లకి బొమ్మ పడితే "అవును" అని రాయమంటే రాస్తుందా? నాణెం మీద ఒట్టు, రాయదు.

లెక్కలపిచ్చి | మంగళవారం, రాత్రి 9:10

ఆ రెండో పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. ఉపసంహరించుకుంటున్నాను.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:35

ఒక సభ్యుడు తన పోస్టులో ఒక బడి పేరు, సెక్షన్, ఇద్దరు పిల్లల ముద్దుపేర్లు రాశారు. తీసేశాను. పొద్దున్నుంచీ గోప్యత గురించే మాట్లాడుకుంటున్నాం కదండీ.

పెన్సిల్‌ముక్క | బుధవారం, ఉదయం 7:20

కొత్త కాగితం తయారుచేస్తున్నాను. రెండు సందేహాలు. ఒకటి, ఫోన్‌లో ఫారం పంపి ఇంటి దగ్గర నింపమంటే? టీచర్ ఉండరు, పక్కవాడు చూడడు. రెండు, తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకోవాలి?

గణాంకి | బుధవారం, ఉదయం 8:00

ఇంట్లో టీచర్ ఉండరు, అమ్మ ఉంటుంది. అమెరికా సర్వే 2021లో కోవిడ్ వల్ల కొందరు బడిలో, కొందరు ఇంట్లో రాశారు. బడి నుంచి రాసిన హైస్కూల్ పిల్లల్లో ఈ-సిగరెట్ వాడుతున్నామన్నవాళ్లు 15 శాతం, ఇంట్లోనో మరోచోటో రాసినవాళ్లలో 8.1 శాతం. ఈ రెండు గుంపుల పిల్లలూ వేరువేరు కాబట్టి తేడా అంతా చోటు వల్లే అనలేం. ఇంటికి పంపే ముందు మాత్రం ఆలోచించాలి. బడిలోనే పెట్టండి, మీ టీచర్లని బయటికి పంపండి.

అనుమతికి రెండు దారులు. "సంతకం పెట్టి పంపితేనే రాయిస్తాం" అన్నది ఒకటి. "వద్దనుకుంటే తెలపండి, లేకపోతే రాయిస్తాం" అన్నది ఇంకొకటి. మొదటి దారిలో సంతకంతో తిరిగొచ్చే కాగితాలు తగ్గుతాయి. పిల్లల్ని దగ్గరుండి చూసుకునే ఇళ్ల నుంచే ఎక్కువ వస్తాయి. వాడే పిల్లలే ఎక్కువగా తప్పిపోతారు. ఏ దారి పట్టాలన్నది మీ బడి నిబంధనల ప్రకారం తేల్చుకోండి, మీరొక్కరే నిర్ణయించేది కాదు. దారి ఏదైనా పిల్లలకి "ఇష్టం లేకపోతే ఖాళీగా ఇచ్చేయొచ్చు" అని చెప్పాలి, నిజంగా ఇచ్చేయనివ్వాలి.

ఇద్దరుపిల్లల_అమ్మ | బుధవారం, ఉదయం 8:26

నాకు చీటీ వస్తే చాలు. తెలియకుండా జరిగితేనే కోపం వస్తుంది. అసలు ప్రశ్నలేంటో ముందే చూపిస్తే ఇంకా మంచిది.

అడ్డరోడ్డు | బుధవారం, ఉదయం 10:15

సరే, నా ఉమ్మి పరీక్ష పక్కన పెట్టేశాం. హీరోల సంగతేంటి? అన్నిటికీ "అవును" కొట్టేవాణ్ణి ఎలా పట్టుకుంటారు?

గణాంకి | బుధవారం, ఉదయం 11:02

యూరప్‌లో 15-16 ఏళ్లవాళ్లని 1995 నుంచి అడుగుతున్న ఎస్పాడ్ అనే సర్వే ఉంది. మత్తుమందుల జాబితాలో "రెలెవిన్" అని ఒకటి చేర్చారు. లోకంలో అలాంటి మందే లేదు. అది కూడా వాడానన్నవాడి మిగతా జవాబులు ఎంత నమ్మాలో తెలిసిపోతుంది. మీరూ లేని వస్తువు పేరొకటి కల్పించి మధ్యలో పెట్టొచ్చు. ఒకటి చాలు, ఎక్కువైతే పిల్లలు అదే ఆట ఆడతారు.

దాంతోపాటు జవాబులు ఒకదానికొకటి పొంతన కుదురుతున్నాయా చూడండి. "ఎప్పుడూ కాల్చలేదు" అని, రెండు ప్రశ్నల తర్వాత "గత 30 రోజుల్లో 20-29 రోజులు" అన్న కాగితాలను ఏం చేయాలో లెక్కపెట్టడానికి ముందే రాసి పెట్టుకోండి. లెక్క చూశాక నిర్ణయిస్తే మనకి నచ్చిన వైపు మొగ్గుతాం.

తెల్లకోటు | బుధవారం, మధ్యాహ్నం 12:40

నేనొక ప్రశ్న మరిచాను. ముట్టనివాళ్లని "మీ దగ్గరి స్నేహితులు సిగరెట్ ఇస్తే కాలుస్తారా?" అని అడగండి. జవాబులు నాలుగు: కచ్చితంగా కాల్చను, బహుశా కాల్చను, బహుశా కాలుస్తాను, కచ్చితంగా కాలుస్తాను. "కచ్చితంగా కాల్చను" తప్ప ఇంకేది పెట్టినా, "బహుశా కాల్చను" అన్నా సరే, మొదలుపెట్టే అవకాశం ఉన్న పిల్లల్లో లెక్క. జాన్ పియర్స్ అనే పరిశోధకుడి బృందం 1996లో ప్రచురించిన కొలతలో ఇదొక ప్రశ్న. మీ క్లబ్బు ఎవరితో ముందుగా మాట్లాడాలంటే ఆ "బహుశా" వాళ్లతోనే.

ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టారు, బాగుంది. కానీ భారతదేశంలో 2019లో జరిగిన నాలుగో విడత జీవైటీఎస్‌లో, సిగరెట్ ఎప్పుడైనా కాల్చి చూసిన పిల్లల్లో 38 శాతం, నమిలే రకాలు వాడి చూసినవాళ్లలో 52 శాతం పదేళ్లు నిండకముందే మొదలుపెట్టామన్నారు. అదే సర్వేలో 13-15 ఏళ్లవాళ్లలో ప్రస్తుతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నవాళ్లు 8.5 శాతం. సున్నా కంటే ఈ అంకె పక్కన పెట్టుకుని ఆలోచించండి.

గణాంకి | బుధవారం, మధ్యాహ్నం 1:15

దేశం సగటు ఒక బడికి కొలబద్ద కాదు డాక్టర్ గారూ. ఒక బడిలో 2 రావచ్చు, ఇంకోదాంట్లో 20. "ఏ వయసులో మొదలుపెట్టావు" అన్నది జ్ఞాపకం మీద ఆధారపడే ప్రశ్న కూడా. పద్నాలుగేళ్లవాడికి తొమ్మిదికీ పదకొండుకీ తేడా సరిగ్గా గుర్తుండదు. ముందుగానే మొదలవుతోందన్న మాట వరకూ ఒప్పుకుంటాను.

పక్క బడులు కూడా కలిస్తే ఒక జాగ్రత్త. ఒకే క్లాసు పిల్లలు ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు, కాబట్టి నలభై మంది నలభై వేరు జవాబులు కారు. క్లాసుకు 40 మంది, వాళ్ల జవాబుల మధ్య పోలిక 0.05 (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే జవాబు) అనుకుంటే, 1200 మందిని అడిగినా దాదాపు 400 మందిని విడివిడిగా ఎంచి అడిగినంత బలమే ఉంటుంది. అందుకే తక్కువ బడుల్లో ఎక్కువ క్లాసులకంటే, ఎక్కువ బడుల్లో తక్కువ క్లాసులు మేలు.

వెనకబెంచి | బుధవారం, రాత్రి 10:48

ఇన్ని లెక్కల్లో ఒకటి మరిచారు. ఆ రోజు బడికి రానివాళ్లు. మా గుంపులో ఐదుగురం. సర్వే రోజు నేనొక్కణ్ణే క్లాసులో ఉన్నాను. మిగతా నలుగురూ ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో మీకే తెలుసు. వాళ్లలో ఇద్దరు ఆ ఏడాదే చదువు మానేశారు. వాళ్లని ఏ కాగితమూ అడగలేదు.

గణాంకి | గురువారం, ఉదయం 6:15

ఇది మా పుస్తకాల్లో ఉన్న మాటే, కానీ మీరు చెప్పినంత సూటిగా ఉండదు. టీచర్ గారూ, ఆ రోజు హాజరుపట్టీలో ఎంతమంది లేరో రాసుకోండి. వీలైతే ఇంకోరోజు వాళ్లకి విడిగా పెట్టండి. ఫలితం చెప్పేటప్పుడు "ఆ రోజు బడికొచ్చిన పిల్లల్లో" అనే చెప్పండి.

పెన్సిల్‌ముక్క | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 4:30

ముందుగా అందరికీ థాంక్స్. తిట్టకుండా చెప్పినందుకు ఇంకా.

ఇలా చేశాం. ఇళ్లకు చీటీ, దాంతోపాటు ప్రశ్నలు పంపాం. ముగ్గురు తల్లిదండ్రులు వద్దన్నారు, వాళ్ల పిల్లలకి లైబ్రరీలో వేరే పని ఇచ్చాం. కాలేజీ విద్యార్థులు ఇద్దరు వచ్చి రాయించారు. టీచర్లందరం స్టాఫ్ రూములో కూర్చున్నాం, టీ మీద టీ తాగుతూ, పబ్లిక్ పరీక్ష రాస్తున్నంత టెన్షన్‌గా. బెంచీకి ఇద్దరే, అందరికీ ఒకేలాంటి పెన్సిళ్లు, ఒకేలాంటి కవర్లు. రాశాక ఎవరి కవరు వాళ్లే అంటించి డబ్బాలో వేశారు. సహాయం కావాలంటే ఎవరిని కలవాలో రాసిన చీటీ మాత్రం అందరికీ ఇచ్చాం, ముట్టనివాళ్లకి కూడా. కొందరికే ఇస్తే మళ్లీ వాళ్లెవరో తెలిసిపోతుంది కదా.

ఒక పొరపాటు జరిగింది. ఒక క్లాసులో డబ్బా మూత ఊడిపోయి కవర్లు కింద పడ్డాయి. పిల్లలంతా ఒక్కసారి బిగుసుకుపోయారట. అన్నీ ఒకేలా ఉన్నాయని చూశాక సర్దుకున్నారట.

ఈసారి సున్నా రాలేదు.

అడ్డరోడ్డు | శనివారం, సాయంత్రం 4:41

ఎంతొచ్చింది మరి? ఊరించకండి.

పెన్సిల్‌ముక్క | శనివారం, సాయంత్రం 5:20

ఇక్కడ రాయను, ఏమీ అనుకోకండి. చిన్న బడి, చిన్న అంకె. అమ్మాయిలు, అబ్బాయిలు, తరగతి అని విడదీస్తూ పోతే కొన్ని గడుల్లో ఇద్దరో ముగ్గురో మిగులుతున్నారు. ఆ ఇద్దరెవరో మా వాచ్‌మన్ కూడా చెప్పేయగలడు. అందుకే మొత్తం మీద ఒకే అంకె, "బహుశా" వాళ్ల అంకె, ఇవి రెండే రిపోర్టులో పెట్టాను. లేని వస్తువుకు టిక్కు పెట్టిన హీరోలు కూడా ఉన్నారు, వాళ్ల కాగితాలు ముందే అనుకున్నట్టు పక్కన పెట్టాం.

హెడ్మాస్టరు గారు రిపోర్టు రెండుసార్లు చదివారు. నోటీసు బోర్డు మాట ఎత్తలేదు. కాసేపాగి, "ఏ సెక్షన్ వాళ్లమ్మా?" అన్నారు. కాగితం మీద సెక్షన్ అడగలేదు సార్ అన్నాను. "ఎందుకు అడగలేదు?" అన్నారు. మీరు ఇప్పుడు అడుగుతారనే సార్ అన్నాను.

వెనకబెంచి | శనివారం, సాయంత్రం 5:33

మీ క్లాసులో ఉండి ఉంటే నేను 20-29 గడిలో పెట్టేవాణ్ణి టీచర్.